సార్‌ని పంపించాలట!

ఇప్పుడే మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర మెడికల్ షాపు నుంచి వచ్చాను. చెప్పులు కూడా విప్పకుండా టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

చీటీలో ఉన్నవి రెండే. మొద్దుబారడానికి లిగ్నోకెయిన్ జెల్లీ, ఇంకోటి కలయికలో ఒరిపిడి తగ్గించే లూబ్రికెంట్. కౌంటర్లో ఉన్నతను మనవాడే, కడప యాస. "నోటిపూతకా అక్కా?" అని షాపంతా వినపడేలా అడిగాడు. కాదన్నాను. రెండో లైను చదివి ఒక్కసారిగా గొంతు తగ్గించి, "సార్‌ని పంపించండక్కా, ఆయనకి చెప్తాం" అన్నాడు.

ఏం చెప్తావయ్యా సార్‌కి? నొప్పి నాది కదా!

అదే అద్దాల బీరువాలో చ్యవనప్రాశ డబ్బాల పక్కన మగాళ్ళ స్ప్రేలు, గుర్రం బొమ్మతో సహా, వరసగా. అలాంటి స్ప్రేలు చాలావాటిలో ఉండేదీ ఇదే లిగ్నోకెయిన్. ఆయన 'టైమింగ్' కోసమైతే షోకేసులో. నా నొప్పి కోసమైతే పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో.

నాకున్నది వెజైనిస్మస్. దుమ్ము పడబోతే రెప్ప మూసుకున్నట్టు, కలయిక అనగానే యోని కండరాలు వాటంతటవే బిగుసుకుపోతాయి. "వదులుగా ఉండు" అంటే రెప్ప వింటుందా? పెళ్ళైన ఈ ఆరేళ్ళలో ముగ్గురు డాక్టర్లు. మొదటావిడ "ఒక కాన్పయితే అన్నీ సర్దుకుంటాయి" అంది. కాన్పు దాకా ఎలా వెళ్ళాలో మాత్రం చీటీలో రాయలేదు. రెండో ఆయన "కొంచెం వైన్ తాగి రిలాక్స్ అవ్వమ్మా" అన్నాడు. 1860లలో ఈ బాధకి పేరు పెట్టిన అమెరికా డాక్టరు మేరియన్ సిమ్స్ ఉన్నాడే, ఒకావిడకి ఈథర్ అనే మత్తుమందు పట్టించి, స్పృహ తప్పాక మొగుణ్ణి గదిలోకి పంపే ఏర్పాటు గురించి పుస్తకంలోనే రాసుకున్నాడు. 160 ఏళ్ళకి ఈథర్ పోయి వైన్ వచ్చింది. మగాళ్ళకేమో 1998లోనే వయాగ్రా వచ్చేసింది లెండి.

మూడో ఆవిడ ఒకటే అడిగింది: "నొప్పి మొదట్లోనేనా, లోపల లోతుగానా?" లోతుగా అయితే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) లాంటివి ఉన్నాయేమో చూడాలట. ఈ ప్రశ్న నా చెవిన పడటానికి ఆరేళ్ళు! ఇప్పుడు ఫిజియోథెరపీకి వెళ్తున్నా. ఊపిరి వదలడం నేర్పిస్తారు, లోపల పెట్టుకుని మెల్లమెల్లగా అలవాటు చేసుకునే చిటికెన వేలంత డైలేటర్‌తో మొదలుపెట్టిస్తారు. తొందరేం లేదంటారు. తొందర లేదన్న మాట నాతో ఎవరైనా అనడం అదే మొదటిసారి.

అసలు ఆ షాపతన్ని అని ఏం లాభం. శోభనానికి పంతులుగారు ముహూర్తం నిమిషాలతో సహా పెట్టారు. మంచానికి మల్లెలు కట్టడానికి అంతమంది పెద్దవాళ్ళు వచ్చారు, పాలల్లో కుంకుమపువ్వు ఎక్కువైందని కూడా వాదించుకున్నారు. నొప్పి పుడితే ఆగమని చెప్పొచ్చని ఒక్కరూ అనలేదు. మా పిన్ని గ్లాసు చేతికిస్తూ చెవిలో "ఓర్చుకో, అరవకు, బయట అందరూ ఉన్నారు" అంది. పొద్దున్నే నా మొహం చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఆ పిన్నే మొన్న అమ్మతో అందట, ముట్లు ఆగిన దగ్గర్నుంచి బాబాయ్ గదిలో పడుకోవట్లేదని. "మంటమ్మా, ఎవరితో చెప్పుకుంటాం" అందట. ఆ వయసులో ఈస్ట్రోజన్ తగ్గి అక్కడి చర్మం పొడిబారి పల్చబడుతుంది. డాక్టరు చూసి రాస్తే అక్కడే పూసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ ఉంది, చాలామందికి పనిచేస్తుంది. ఫోన్ చేసి చెప్పాలి.

చెప్తాను. ఇవాళ మాత్రం కాదు.