బొమ్మ అడుగున ఎవరి పేరుంది?

పోర్చుగీసు గోవాలో మతం తప్పారని జనాన్ని విచారించి శిక్షించిన చర్చి కోర్టు గోవా ఇంక్విజిషన్. దాని మీద వ్యాసం వచ్చిందంటే పక్కన ఆ బొమ్మ ఉండాల్సిందే. కోసుగా లేచిన కాగితపు టోపీలు, మంటలు గీసిన అంగీలు, చేతుల్లో కొవ్వొత్తులు, బారులు తీరిన ఖైదీలు. కింద 'గోవాలో ఇంక్విజిషన్' అని ఒక్క ముక్క. ఎవరు చెక్కారో, ఏ ఊళ్లో, ఏ ఏడాది అచ్చయిందో ఉండదు. పోర్చుగీసు గోవా అనగానే మన కళ్లముందు మెదిలే పాత బొమ్మలు చాలామటుకు పోర్చుగీసువాళ్లు వేసుకున్నవి కావు. వాళ్లతో వ్యాపారంలో పోటీపడ్డవాళ్లో, వాళ్ల చెరసాల చూసి బయటపడ్డవాళ్లో వేయించినవి. వాటిని ఫొటోల్లా వాడేస్తున్నాం. ఇది తప్పు.

గార్సియా ద ఓర్తా సంగతే చూడండి. క్రైస్తవంలోకి మారిన యూదు కుటుంబంలో పుట్టిన వైద్యుడు. 1534లో లిస్బన్ నుంచి ఓడెక్కి వచ్చాడు. అహ్మద్‌నగర్ సుల్తానుకూ వైద్యం చేశాడు. 1563 ఏప్రిల్ 10న గోవాలో మందుమొక్కల మీద ఆయన పుస్తకం అచ్చయింది. ఇద్దరి సంభాషణగా సాగే ఆ పుస్తకంలో కలరా రోగి నాడి, వాంతులు, కండరాల ఈడ్పుల గురించి కళ్లకు కట్టినట్టు రాశాడు. వజ్రపు పొడి విషమన్న నమ్మకాన్ని కొట్టిపారేశాడు. 'బిస్నగా' వజ్రపు గనుల ప్రస్తావన కూడా ఉంది. బిస్నగా అంటే మన విజయనగరమే. ఇంత సరుకున్న పుస్తకంలో బొమ్మలు దాదాపు లేవు.

మరి మొక్కల బొమ్మలు ఎప్పుడొచ్చాయి? నాలుగేళ్ల తర్వాత, 1567లో, ఆంట్వెర్ప్‌లో. క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ పుస్తకాన్ని లాటిన్‌లోకి కుదించి, సంభాషణలు తీసేసి, చెక్క అచ్చు బొమ్మలు చేర్చాడు. ఆయన భారతదేశం మొహం చూడలేదు. కొచ్చిలో వైద్యుడిగా పనిచేసి మొక్కల్ని స్వయంగా పరిశీలించిన క్రిస్టొవావ్ ద కోస్టా తన బొమ్మల పుస్తకాన్ని 1578లో అచ్చు వేయించింది స్పెయిన్‌లోని బుర్గోస్‌లో, అదీ స్పానిష్‌లో. గోవా వీధుల బొమ్మలూ అంతే. పల్లకీలు, గొడుగులు పట్టే బానిసలు, నడివీధిలో వేలంపాట కనిపించే రాగి రేకు బొమ్మలు 1596లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చిన లిన్‌స్కోటెన్ పుస్తకంలోవి. ఆయన గోవా ఆర్చిబిషప్ దగ్గర గుమాస్తాగా ఉండి, తిరిగెళ్లి పోర్చుగీసు సముద్ర దారుల గుట్టు రట్టు చేసిన డచ్చివాడు. పదేళ్లు తిరక్కుండా డచ్చివాళ్లు మచిలీపట్నంలో దిగారు. సరుకు ఎక్కడ దొరుకుతుందో చూపించే పుస్తకానికి వేసిన బొమ్మలవి. అందుకే అంగడి అంత నిండుగా కనిపిస్తుంది.

ఇక ఆ ఊరేగింపు బొమ్మ. దానికి మూలం కూడా ఒక వైద్యుడే. షార్ల్ దెలోన్ అనే ఫ్రెంచి వైద్యుణ్ని 1673లో డామన్‌లో పట్టుకున్నారు. 1676 జనవరిలో గోవాలో ఊరేగించి శిక్ష చదివారు. బయటపడ్డాక ఆయన రాసిన పుస్తకం 1687లో వచ్చింది. అంగీల తేడాలు ఆయన విడమరిచి చెప్పాడు. పసుపు అంగీ మీద ఎర్రటి ఇంటూ ఆకారపు శిలువ ఉంటే ప్రాణం దక్కినట్టు. మంటలు కిందికి తిరిగి ఉంటే శిక్ష పడ్డాక ఒప్పుకుని కాలకుండా తప్పించుకున్నవాడు. మంటలు పైకి లేచి, చుట్టూ దయ్యాలు, మధ్యలో తన ముఖమే గీసి ఉంటే చితికే. అంటే మంట ఏ వైపు తిరిగిందన్నదే అక్కడ చావు బతుకుల తేడా.

1723 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో సంపుటాలుగా వచ్చిన పుస్తకానికి ఇలాంటి దృశ్యాలు చెక్కిన బెర్నార్డ్ పికార్, ఫ్రాన్స్ వదిలి వచ్చిన ప్రొటెస్టెంటు. గోవా చూడలేదు. ఆ తర్వాత నకళ్లకు నకళ్లు. రాగి రేకు మీద చెక్కింది కాగితం మీద కుడి ఎడమవుతుంది. అచ్చయిన బొమ్మను చూసి అలాగే చెక్కేస్తే కొత్త అచ్చులో అంతా తారుమారు. గుర్తుపట్టడం తేలికే: పాదిరీ ఎడమచేత్తో దీవిస్తుంటే, సైనికుడి కత్తి కుడి తుంటికి వేలాడుతుంటే నకలని అనుమానించాలి. తడి కాగితాన్ని రేకుతో కలిపి రోలర్ల మధ్య నడిపినప్పుడు చుట్టూ నొక్కు గీత పడుతుంది. సాధారణంగా ఆ గీతకు లోపల, బొమ్మ అడుగున 'డెలినెయావిట్' పక్కన గీసినవాడి పేరు, 'స్కల్ప్‌సిట్' పక్కన చెక్కినవాడి పేరు, 'ఎక్స్‌కూడిట్' పక్కన అచ్చు వేయించినవాడి పేరు ఉంటాయి. పుస్తకంలోంచి చింపి అమ్మేవాళ్లు అంచులు కత్తిరిస్తారు, పైన రంగులు పూస్తారు. నలుపు తెలుపు అచ్చులో లేని పసుపు అలా పుడుతుంది. స్కాన్ చేసి పెట్టేవాళ్లు మిగిలిన అడుగు వరుస కూడా కోసేస్తారు.

గోవా ట్రిబ్యునల్ 1812లో మూతపడ్డాక దాని కాగితాలు చాలావరకు నాశనమయ్యాయి కాబట్టి ఈ బొమ్మలే దిక్కని కొందరంటారు. కాగితాలు పోయిన మాట నిజమే, క్రూరత్వమూ నిజమే. కానీ ట్రిబ్యునల్ ప్రాసిక్యూటర్ జువావ్ దెల్గాదో ఫిగెయ్‌రా 1623లో స్వయంగా తయారుచేసిన కేసుల జాబితా లిస్బన్ జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. ఇంక్విజిషన్ చేసిన నేరం రుజువు చేయడానికి చూడనివాడి బొమ్మ అక్కర్లేదు. అలాంటి బొమ్మ పెడితే, అది కల్పితమని తేల్చి అసలు నేరాన్నే కొట్టిపారేసేవాడికి మనమే దారి ఇచ్చినట్టవుతుంది.

ఇది గోవాతో ఆగే జబ్బు కాదు. మన పాఠ్యపుస్తకాల్లో, పోర్టళ్లలో, వాట్సాప్ చరిత్రలో కోటల బొమ్మలూ రాజుల ముఖాలూ ఊరూ పేరూ లేకుండా తిరుగుతున్నాయి. వాక్యానికి ఆధారం అడిగే సంపాదకులు బొమ్మకు అడగరు. అడగాలి. గీసింది ఎవరు, ఏ ఊళ్లో, ఏ ఏడాది, చూసి గీశాడా లేదా అన్న నాలుగు వివరాలు లేని పాత బొమ్మను వేయకూడదు. పికార్ బొమ్మే వేయాలనుకుంటే కింద 'బెర్నార్డ్ పికార్, ఆమ్‌స్టర్‌డామ్, 18వ శతాబ్దం, గోవా చూడలేదు' అని రాయడానికి ఒక్క వరుస చాలు.

గోవాలోనే అచ్చయినది కావాలంటే ఓర్తా పుస్తకం మొదటి పుట ఉంది. వైద్యుడి పేరు, ఆ తర్వాత దాన్ని 'చూసిన' ఇంక్విజిటర్ (ఇంక్విజిషన్ న్యాయాధికారి) అలెయిషో దియాస్ ఫాల్కావ్ పేరు అందులోనే ఉన్నాయి. ఓర్తా 1568లో పోయాడు. మరుసటి ఏడాది ఆయన సోదరి కాతరీనాను ఇంక్విజిషన్ కాల్చి చంపింది. 1580లో ఓర్తా ఎముకల్ని తవ్వి తీసి, వాటినీ కాల్చింది.