సిల్వియా దోష నివారణకు ఒక విన్నపం

మన పంచాంగకర్తలంటే నాకు అపారమైన గౌరవం. అందుకే వారి వల్ల జరిగిన ఒక ఘోరమైన ఉపేక్షను సవినయంగా గుర్తు చేస్తున్నాను. 1866 మే 16న, కృత్తిక కార్తె ఉక్కలో, చెన్నపట్నం నుంగంబాకం అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ అనే దొర ఒక గ్రహశకలాన్ని కనిపెట్టాడు. పేరు సిల్వియా. నూట యాభై ఏళ్ళు దాటిపోయాయి. ఇంతవరకూ దాని వల్ల ఎవరి పెళ్ళీ ఆగలేదు, ఎవరి ప్రమోషనూ వెనక్కి పోలేదు, ఎవరికీ మోకాళ్ళు పట్టెయ్యలేదు. ఇది నమ్మశక్యమేనా?

పోనీ చిన్న రాయా అంటే కాదు. కుజుడికీ గురువుకీ మధ్య తిరిగే శకలాల పట్టీలో బయటి అంచున ఉంటుంది. వెడల్పు దాదాపు 270 కిలోమీటర్లు, అంటే హైదరాబాదు నుంచి బెజవాడకి రోడ్డంత. రాహుకేతువులకైతే ఒళ్ళే లేదు. సూర్యచంద్రుల దారులు ఒకదాన్నొకటి ఖండించుకునే రెండు బిందువులు వాళ్ళు. అయినా శ్రీకాళహస్తిలో వాళ్ళ పూజకి జనం బారులు తీరతారు. ఇంత ఒళ్ళున్న సిల్వియాకి ఒక్క కొబ్బరికాయ కొట్టిన నాథుడు లేడు!

లెక్క కష్టమని తప్పించుకోవడానికి వీల్లేదు. సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి దానికి ఆరున్నరేళ్ళు పడుతుంది. పన్నెండు రాశులకి పంచితే సగటున రాశికి ఆరున్నర నెలలు. ఏలినాటి శని ఏడున్నరేళ్ళు సాగదీస్తాడు. ఈలోగా విసిగిపోయిన జాతకుడు సిద్ధాంతిగారినే మార్చేసే ప్రమాదం ఉంది. ఏలినాటి సిల్వియా అయితే మూడు రాశులూ కలిపి పంతొమ్మిదిన్నర నెలల్లో తేలిపోతుంది. వాయిదాల మీద కట్టుకోవడానికి కూడా అనువైన కాలం.

పైగా సంతానవతి. 2001లో హవాయిలోని కెక్ టెలిస్కోపుతో దీనికో ఉపగ్రహం ఉందని తేలింది. 2004లో చిలీ నుంచి తీసిన చిత్రాల్లో రెండోది బయటపడింది. రోము నగరాన్ని కట్టిన కవలల పేర్లే వీటికి పెట్టారు: రోములస్, రెమస్. కథలో ఆ కవలల తల్లి పేరు రియా సిల్వియా. రెండు ఉపగ్రహాలున్న గ్రహశకలం కనబడటం అదే మొదటిసారి. పెద్దవాడు మూడున్నర రోజుల పైచిలుకులో ఒక ప్రదక్షిణ చేస్తాడు. చిన్నవాడు రోజున్నర లోపే ముగిస్తాడు, అమ్మ కొంగు వదలడు. పిల్లలిద్దరూ అమెరికాలో స్థిరపడ్డారని కుమిలిపోయే మన తల్లులకి ఇంతకంటే మంచి ఇలవేల్పు ఎక్కడ దొరుకుతుంది?

ఆ బిడ్డల ప్రదక్షిణల లెక్కతోనే తల్లి బరువు కట్టారు. సాంద్రత నీటికంటే కాస్తే ఎక్కువని తేలింది. అంటే లోపల బోలెడంత ఖాళీ ఉన్న రాళ్ళకుప్పన్నమాట. లోపల డొల్ల అయితే ప్రభావం తగ్గుతుందేమోనని ఎవరూ బెంగపడనక్కర్లేదు. ఈ వృత్తిలో అది ఎన్నడూ అడ్డు కాలేదు.

పశ్చిమదేశాల జ్యోతిష్కులు ఇదే పట్టీలో తిరిగే సెరిస్‌నీ, వెస్టానీ ఎప్పుడో జాతకాల్లో కలిపేసుకున్నారు. సరే, వాళ్ళ సంగతి మనకెందుకు.

నా అసలు బాధ చింతామణి రఘునాథాచారి గారి గురించి. పాగ్సన్ దగ్గర సహాయకుడు, స్వయానా పంచాంగకర్తల వంశీకుడు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి పాగ్సన్ మచిలీపట్నం వెళితే, ఈయన వనపర్తి వెళ్ళారు. అంతకు ముందు ఏడాదే, వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే ఓ నక్షత్రాన్ని కనిపెట్టారు. అటు వంశం, ఇటు టెలిస్కోపు, రెండూ చేతిలో ఉన్న మనిషి కనిపెట్టవలసింది నక్షత్రాన్నా, దోషాన్నా? పైగా దృగ్గణిత పంచాంగం అచ్చు వేయించారు. ఆకాశంలో గ్రహం ఎక్కడ కనబడుతుందో పంచాంగంలోనూ అక్కడే ఉండాలట! ఇలాంటి పట్టుదలలు ముదిరితే నాలుగిళ్ళ పొయ్యిలు ఆరిపోవూ?

జరిగిందేదో జరిగింది. ఇప్పుడైనా శాంతి విధానం ఖరారు చేయాలి. ఒక చిక్కుంది. సిల్వియా బాగా నల్లన, తన మీద పడే వెలుగులో నూటికి ఐదు వంతులు కూడా తిరిగివ్వదు. నల్ల నువ్వులు, నల్ల బట్ట ఇప్పటికే శనికి రాసిచ్చేశాం కాబట్టి దీనికి నల్ల ద్రాక్ష ఖాయం చేయమని నా మనవి. ధర కాస్త ఎక్కువ, గౌరవమూ దక్కుతుంది.

అన్నట్టు, 1885లో పాగ్సన్ చెన్నపట్నం నుంచే వెరా అనే ఇంకో గ్రహశకలాన్ని కనిపెట్టాడు. అదీ బయటి పట్టీలోదే. ఒక్క సిల్వియాకే హోమం చేయిస్తే వెరా అలగవచ్చు. రెండింటికీ కలిపి చేయిస్తే రాయితీ ఎంతో ముందే ఫ్లెక్సీ మీద వేయించండి. తీరా పీటల మీద కూర్చున్నాక బేరాలు బాగోవు.