ఆముదం గింజ మీద గీత
పువ్వులో విత్తనంగా మారే భాగమైన అండం రకాల గురించిన ఒక వ్యాసంలో, వక్ర అండం, శంఖాకార అండం రెండూ ఒంగినవే, తేడా పరీక్షల కోసమేనని రాశారు. ఒప్పుకోలేను. వక్ర అండంలో దేహం తిన్నగానే ఉంటుంది. మొత్తం అండమే 180 డిగ్రీలు తిరగబడి, అండద్వారం (అండం కొన దగ్గరి సన్నని రంధ్రం) వృంతం (అండాన్ని పట్టి ఉంచే కాడ) పక్కకు వస్తుంది. శంఖాకార అండంలో ఒంగేది దేహమే. అనంతపురంలో ఇంటర్ పిల్లలకు నేను బొమ్మ గీయడానికి ముందు, వక్ర అండం నుంచి వచ్చిన ఆముదం గింజ చేతికిస్తాను. తెల్లటి బుడిపె దగ్గర మొదలై చదునైన వైపు పొడవునా సాగే సన్నని గీత, అండానికి అతుక్కుపోయిన వృంతం తాలూకు గుర్తే. ఇంతకంటే రుజువేం కావాలి? నాగజెముడులోనైతే ఈ రెండూ కాక, పొడవాటి వృంతం అండాన్ని చుట్టేస్తుంది. మా వైపు చేల గట్ల మీద కనిపించే ఈ మొక్కను వ్యాసకర్త అసలు ప్రస్తావించనే లేదు.