సర్వీసు అయిపోయింది సరే, ఇంటికొచ్చాక ఆ మనిషిని ఎవరు చూసుకోవాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇచ్ఛాపురం నుంచి చీపురుపల్లి దాకా ఏ ఊరెళ్ళినా ఆర్మీలోనో సీఆర్పీఎఫ్‌లోనో బీఎస్ఎఫ్‌లోనో పనిచేసేవాళ్ళు వీధికొకరైనా తగులుతారు. తెల్లారుజామున హైవే పక్కన పరిగెత్తే కుర్రాళ్ళని రోజూ చూస్తూనే ఉంటాం, సెలక్షన్ వస్తే స్వీట్లు పంచుతాం, సెలవుకొస్తే బస్సు దిగినకాడే పలకరిస్తాం, ప్రాణం పోగొట్టుకుంటే జెండా కప్పి ఊరేగించి విగ్రహం పెడతాం. చెయ్యాల్సిందే, తప్పేం లేదు. 2021 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ దగ్గర 22 మంది జవాన్లు చనిపోయినప్పుడు అందులో విజయనగరం కుర్రాడు కూడా ఉన్నాడు, ఆ వార్త చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటది. మరి అలాంటి కాల్పుల్లోంచి బతికి బయటపడి, పక్కనున్నవాడు పడిపోవడం కళ్ళారా చూసి, ఆ తర్వాత ఇంకో పదేళ్ళు డ్యూటీ చేసి ఇంటికొచ్చినవాళ్ళ సంగతేంటి? వాళ్ళ గురించి ఊరికి తెలిసేది ఒక్కటే, ఫలానావోడు మిలట్రీ నుంచి వచ్చేశాడు, బాగా కోపిష్టి, బాగా తాగుతాడు అని. అక్కడితో ఆ మనిషి కథ ముగించేస్తాం, మిగతాదంతా వాళ్ళావిడా, వాళ్ళమ్మా పడాలి.

నేను చెప్పదలచుకున్నది ఇదే, యుద్ధం మనసుమీద వేసిన దెబ్బని మొదట చూసేది డాక్టర్ కాదు ఇంట్లో ఆడవాళ్ళు, కానీ ఆ ఆడవాళ్ళకి దాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పకుండా మనిషిని ఇంటికి పంపేస్తున్నారు.

డాక్టర్లు దీన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పీటీఎస్‌డీ అంటారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్ని చూశాక 1980లో అమెరికా సైకియాట్రిస్టులు జబ్బుల లిస్టులోకి ఎక్కించారు, అంతకుముందు మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో షెల్ షాక్ అనేవాళ్ళు. ఘోరం చూసిన ప్రతివాడికీ ఇది రాదు, ఎక్కువమంది కొన్ని వారాల్లోనో నెలల్లోనో తేరుకుంటారు, కాబట్టి మిలట్రీ నుంచి వచ్చిన ప్రతిమనిషినీ అనుమానంగా చూడక్కర్లేదు. కానీ నెల దాటినా ఆ సీను కళ్ళముందుకి వస్తూనే ఉండటం, పీడకలలు, దాన్ని గుర్తుచేసే చోటుకీ మనిషికీ మాటకీ దూరంగా పోవడం, పిల్లల మీద కూడా ప్రేమ పుట్టనట్టు మొద్దుబారిపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, నిద్ర లేకపోవడం, ఇవన్నీ కలిసి వస్తే మాత్రం అది పొగరూ కాదు, నాటకం కూడా కాదు. ఒక్కోసారి డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ ఏమీ కనపడదు, రిటైరై చేతిలో పని లేకుండా కూర్చున్నాక బయటపడుద్ది, అందుకే ఇంట్లోవాళ్ళకి లింకు దొరకదు, ఎప్పుడో కశ్మీర్లో జరిగినదానికి ఇప్పుడు కంచం విసిరెయ్యడం ఏంటి అనుకుంటారు.

ఇంకో విషయం, వీళ్ళు దాచుకోవడం అలవాటు చేసుకునేది సర్వీసులోనే. ఆర్మీలో మనిషి ఫిట్‌నెస్‌ని షేప్ అనే లెక్కలో చూస్తారు, అందులో మొదటి అక్షరం ఎస్ మనసు సంగతికి. అందులో కేటగిరీ పడిపోతే ప్రమోషన్ మీద, పోస్టింగ్ మీద, చేతికి ఆయుధం ఇవ్వడం మీద కూడా ప్రభావం ఉంటదని జవాన్లకి భయం, తోటివాళ్ళు పిచ్చోడంటారని ఇంకా భయం. దాంతో నిద్ర పట్టట్లేదని యూనిట్లో డాక్టరు చూసే ఎంఐ రూమ్‌కి వెళ్ళి చెప్పాల్సినవాడు నడుంనొప్పని చెప్పి వచ్చేస్తాడు. పదిహేను పదిహేడేళ్ళు అలా దాచినవాడు ఇంటికొచ్చి పెళ్ళాం ముందు ఏడుస్తాడని ఎలా అనుకుంటాం?

పైగా మన దగ్గర కాపురాలు ఎలా ఉంటాయో తెలిసిందే. ఆయన ఏడాదికి రెండు మూడు నెలలు సెలవు మీద వస్తాడు, మిగతా కాలమంతా ఆవిడే పొలం, పిల్లల ఫీజులు, అత్తమావల మందులు అన్నీ చూసుకుంటది. సిపాయికి పెన్షన్ రావాలంటే 15 ఏళ్ళ సర్వీసు చాలు కాబట్టి చాలామంది నలభై రాకముందే వచ్చేస్తారు. ఇన్నాళ్ళూ చుట్టంలా వచ్చిపోయిన మనిషి ఒక్కసారిగా ఇంట్లో పూర్తిగా ఉంటాడు, ఎవరికైనా ఆ సర్దుబాటు కష్టమే, అందుకని మొదటి ఏడాది రెండేళ్ళు జరిగే గొడవలన్నీ ఆ లెక్కలోనే పోతాయి, అసలు జబ్బు దాని చాటున పెరుగుద్ది.

కవిటి వైపు మా పిన్ని కొడుకు ఒకాయన ఉన్నాడు, నాకు అన్నయ్య, ఉగ్రవాదుల మీద పోరాడే ఆర్మీ దళం రాష్ట్రీయ రైఫిల్స్‌లో కశ్మీర్లో చేసొచ్చాడు. ఉద్దానంలో ఇళ్ళు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకి తెలుసు, చుట్టూ కొబ్బరిచెట్లు, పక్కనే రేకుల షెడ్డు. అర్ధరాత్రి ఎండుకాయ ఒకటి రేకు మీద పడితే వచ్చే చప్పుడుకి మామూలువాళ్ళమే ఉలిక్కిపడతాం, అన్నయ్య అయితే మంచం దిగి గోడవారగా పాక్కుంటూ పిల్లల గది గుమ్మం దగ్గరికి వెళ్ళి అక్కడే తెల్లారేదాకా కూర్చునేవాడు, ఒళ్ళంతా చెమట. వదిన అడిగితే ఏం లేదు పడుకో అనేవాడు. "ఏటి సెప్పమంటావు బావూ, పగలు బాగానే ఉంటాడు, పొద్దుగూకితే మనిషి మారిపోతాడు" అని నాతో అంది వదిన. ఆవిడ ఎవర్నీ అడక్కుండా ఒక పని చేసింది, చెట్టెక్కేవాడిని పిలిపించి షెడ్డు మీదకి వంగిన రెండు చెట్లకీ కాయ ముదరకముందే దింపించెయ్యడం మొదలెట్టింది. ఏ పుస్తకంలోనూ చదవలేదు, కానీ దీన్ని మించిన తెలివైన పని నేను చూళ్ళేదు. ఆయన్ని మారమని అడగలేదు, ముందు చప్పుడు తగ్గించింది.

అయితే డాక్టర్ దగ్గరికి మాత్రం చాలా ఆలస్యంగా వెళ్ళారు. అంతకుముందు దిష్టి తీయించారు, గాలి సోకిందని ఎజ్జోడి (భూతవైద్యుడి) దగ్గరికి తీసుకెళ్ళారు, అమ్మవారికి మొక్కుకున్నారు. నేను వాళ్ళని తప్పుపట్టను, ఊళ్ళో అందుబాటులో ఉన్నది అదే, మొక్కుకున్నాక మనసు కుదుటపడితే అదీ మంచిదే. మొక్కు మొక్కే, మందు మందే, రెండూ కలిపి చేసుకోవచ్చు అని ఆ ఇంటికి చెప్పే మనిషి లేకపోయాడు, అదీ నా బాధ.

ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యొచ్చు అంటే, మొదట ఏం అడగకూడదో తెలుసుకోవాలి. ఎంతమందిని లేపేశావు అన్నా అని టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు సరదాగా అడుగుతారు, ఆ ప్రశ్న ఆయన్ని వారం రోజులు నిద్రపోనివ్వదు. నీకంటే ఎక్కువ చూసినవాళ్ళు బాగానే ఉన్నారు కదా, మర్చిపో, మగాడివి కదా, ఇవి కూడా వద్దు. చెప్పాలనిపిస్తే చెప్పు, నేనిక్కడే ఉంటా, లేదంటే వద్దు, అంతవరకే. చెప్పడం మొదలెడితే మధ్యలో ఆపకుండా, తీర్పులు చెప్పకుండా వినాలి. నేనెందుకు బతికొచ్చాను, వాడెందుకు పోయాడు అనే మాట వాళ్ళ నోట ఎక్కువగా వస్తది, దానికి మన దగ్గర సమాధానం ఉండదు, ఉన్నట్టు నటించక్కర్లేదు కూడా.

నిద్రలో కలవరిస్తుంటే మీద చెయ్యేసి కుదపొద్దు, ఆ క్షణంలో ఆయన ఇంట్లో లేడు, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియక కొట్టొచ్చు. కాస్త దూరంగా కాళ్ళవైపు నిలబడి, లైటేసి, పేరుతో పిలిచి ఇది మన ఇల్లు అని చెప్పమంటారు డాక్టర్లు. వదినకి మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం నోరు రాలేదు, "సిన్నోడి నాన్నా, మనింట్లోనే ఉన్నాం, నాను పక్కనే ఉన్నాను" అంటది, అదీ పనిచేసింది. దీపావళికీ నాగుల చవితికీ టపాసులు పేలతాయని ముందే చెప్పి, ఆ రాత్రి ఊరికి దూరంగా ఎవరైనా చుట్టాలింటికి వెళ్ళే ఏర్పాటు చేసుకుంటే మంచిది. పెళ్ళి భోజనాల్లో గోడకి ఆనుకుని గుమ్మం కనపడే చోటే కూర్చుంటానంటే కూర్చోనివ్వండి, సిరిమానోత్సవం జనంలోకి రానంటే బలవంతం చెయ్యొద్దు. కానీ ఇల్లు కదలకుండా ఉండిపోవడం కూడా జబ్బుని పెంచుద్ది, తెల్లారి పొలం దాకా నడక, ఒక్క స్నేహితుడి ఇల్లు, అలా కొంచెం కొంచెంగా బయటికి తేవాలి, అదే యూనిట్లో చేసినవాడు దగ్గర్లో ఉంటే అతన్ని పిలిపించండి, మనం పది రోజులు అడిగినా చెప్పనిది అతనితో గంటలో చెప్తారు.

తాగుడు గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. క్యాంటీన్ కోటా బాటిల్ మన ఊళ్ళల్లో గౌరవం కింద చెల్లిపోతుంది, బావలకీ మావలకీ పంచుతారు, ఆ మనిషి మాత్రం నిద్ర కోసం తాగుతుంటాడు. తాగితే పట్టే నిద్ర నిద్ర కాదు, తెల్లారేసరికి పీడకలలు, చిరాకు ఇంకా ఎక్కువవుతాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రబిళ్ళలు, ముఖ్యంగా ఆల్ప్రజోలం రకం, ఈ జబ్బుకి వైద్యం కాదు, అలవాటు పడిపోతారు, మద్యంతో కలిస్తే ప్రాణానికే ప్రమాదం.

ఒక గట్టి మాట కూడా చెప్పాలి. ఓర్చుకోవడం వేరు, దెబ్బలు తినడం వేరు. జబ్బు ఉందని తెలిసినా సరే చెయ్యెత్తితే పిల్లల్ని తీసుకుని పక్కింటికి వెళ్ళిపోండి, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 కో, ఎమర్జెన్సీ నంబరు 112 కో ఫోన్ చెయ్యండి, దానివల్ల ఆయనకి ద్రోహం చేసినట్టు కాదు. చచ్చిపోతానని అన్నా, అందరికీ అప్పగింతలు పెడుతున్నట్టు మాట్లాడినా తేలిగ్గా తీసుకోవద్దు, సూటిగా అడగండి, అడిగినంతమాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా, పురుగుమందులు ఇంట్లోంచి తీసేసి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మనవాళ్ళు చాలామంది రిటైరయ్యాక బ్యాంకుల్లో గన్‌మెన్‌గా చేరతారు, చేతిలో తుపాకీ ఉంటది, పరిస్థితి బాగోనప్పుడు ఆ డ్యూటీ కొన్నాళ్ళు మానిపించడం మంచిది.

ఇది తగ్గే జబ్బే. జరిగినదాన్ని పద్ధతి ప్రకారం, భద్రంగా మాట్లాడించే థెరపీలు ఉన్నాయి, మామూలుగా వారానికొకసారి చొప్పున రెండు మూడు నెలలు పడతాయి. సెర్ట్రలిన్ లాంటి మందులు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుద్ది, పది రోజుల్లో తగ్గలేదని ఆపెయ్యొద్దు, కాస్త బాగుందని చెప్పకుండా మానెయ్యొద్దు. మన కష్టమంతా వెళ్ళిరావడం. ఇచ్ఛాపురం నుంచి విశాఖ చినవాల్తేరులో ఉన్న ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి రెండొందల కిలోమీటర్ల పైనే, వారం వారం ఎవరు తిరగ్గలరు? శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి (రిమ్స్ అనేవాళ్ళు) ఉంది, నెల్లిమర్ల దగ్గర మిమ్స్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, మొదటి అడుగు అక్కడ వెయ్యొచ్చు. అసలు ఇల్లు కదలనంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కి ఫోన్ చెయ్యొచ్చు, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు, ఆయన మాట్లాడకపోతే భార్య మాట్లాడొచ్చు. చాలామందికి ఈ చివరి ముక్క తెలీదు.

ఇక్కడే ఇంకో తేడా గమనించాలి. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లో చేసి పెన్షన్ తీసుకునేవాళ్ళకి 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ ఉంది, భార్యకి కూడా వర్తిస్తది, అంటే నిద్రలేక కుంగిపోయిన ఆవిడ కూడా అదే కార్డు మీద చూపించుకోవచ్చు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్ళు హోం శాఖ కిందకి వస్తారు కాబట్టి వాళ్ళకి ఈసీహెచ్ఎస్ ఉండదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్ఎస్ చూసుకోవాలి. దంతెవాడలో 2010లో 76 మంది పోయిన దాడి లాంటివి చూసింది ఎక్కువగా ఈ సీఆర్పీఎఫ్ వాళ్ళే, ఊళ్ళో అందరినీ మిలట్రీ అనే అంటాం, కానీ ఆసుపత్రి గుమ్మం దగ్గర మాత్రం దారులు వేరైపోతాయి. నా దృష్టిలో ఇది అన్యాయం.

డిసబిలిటీ పెన్షన్ సంగతికొస్తే డిశ్చార్జ్ బుక్, మెడికల్ బోర్డు కాగితాలు పారెయ్యకండి. చేరేటప్పుడు లేని జబ్బు తర్వాత వస్తే అది సర్వీసు వల్లే అనుకోవాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో రూల్స్ మారాయి, కాబట్టి మనిషి ఎప్పుడు డిశ్చార్జ్ అయ్యాడన్నది చూసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి.

రాబోయే రోజుల గురించే నాకు ఎక్కువ దిగులు. నాలుగేళ్ళకే తీసుకునే అగ్నివీర్ల ఆర్మీ మొదటి బ్యాచ్ 2023 జనవరిలో ట్రైనింగ్ మొదలెట్టింది, నాలుగేళ్ళు నిండగానే నూటికి పాతికమంది లోపే సర్వీసులో కొనసాగుతారు, మిగతావాళ్ళు ఇంటికి. వాళ్ళకి పెన్షన్ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు, సేవానిధి అని ఒకేసారి ఇచ్చే డబ్బు చేతికొస్తది అంతే. పెళ్ళికాని వాళ్ళనే తీసుకున్నారు కాబట్టి ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు నేరుగా అమ్మ దగ్గరికి వస్తాడు. బోర్డర్‌లో ఏం చూసొచ్చాడో ఆ తల్లికి తెలీదు, చెప్పేవాడు లేడు.

అడగాల్సినవి పెద్దవేం కాదు. పెన్షన్ కాగితాలకి భార్యతో జాయింట్ ఫోటో ఎలాగూ తీయిస్తారు, అదే టైంలో ఆవిడని పక్కన కూర్చోబెట్టి తెలుగులో ఓ అరగంట ఈ లక్షణాల గురించి చెప్పండి, ఒక నంబరివ్వండి, మూడు నెలలకీ ఆర్నెల్లకీ ఆవిడకే ఫోన్ చేసి ఎలా ఉన్నాడని అడగండి. అగ్నివీర్ అయితే తల్లికి. ఊళ్ళల్లో బీపీ, షుగర్ కోసం ఇల్లిల్లూ తిరిగే ఆశా వర్కర్లకి, మిలట్రీ నుంచి వచ్చిన ఇంట్లో నిద్ర పడుతోందా అని అడగడం కూడా నేర్పండి, ఆ ఒక్క ప్రశ్న వేస్తే చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు తలుపేసుకుని మరీ చెప్తారు.