చెకోవ్ నాటికను బెంచీల మీద కూర్చోబెట్టి చెప్పలేం

సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకం ‘ఫస్ట్ ఫ్లైట్’లో చిట్టచివరి పాఠం ‘ది ప్రపోజల్’, రష్యన్ రచయిత చెకోవ్ రాసిన హాస్య నాటిక. చివర్లో ఉంది కాబట్టి సిలబస్ ముగించే హడావిడిలో పడిపోతుంది. మన తిరుపతిలో దాన్ని చెప్పే తీరు చాలావరకు ఒక్కటే. టీచరు కథ చెబుతారు, లోమోవ్ క్యారెక్టర్ స్కెచ్ రాయిస్తారు, ‘కోపం మంచిది కాదు’ అని నీతి చెప్పి ముగిస్తారు. మార్కులు వస్తాయి. నాటకం మాత్రం పిల్లల దాకా రాదు.

ముప్పై అయిదేళ్ల లోమోవ్ తెల్ల గ్లౌజులు తొడుక్కుని పొరుగింటి నతాల్యాను పెళ్లికి అడగడానికి వస్తాడు. అప్పు కోసం వచ్చాడేమోనని ఆమె తండ్రి చుబుకోవ్ లోలోపల జంకుతాడు. అసలు విషయం నతాల్యాకు చెప్పేలోపే ఆక్సెన్ మెడోస్ అనే పచ్చిక నేల ఎవరిదన్న మాట వస్తుంది. ఇక పెళ్లి మాట ఎగిరిపోతుంది. ఆ నేల మహా అయితే 5 దెస్యాతిన్లు, మన లెక్కలో పదమూడున్నర ఎకరాలు. 300 రూబుళ్లు చేస్తుందేమో గానీ, అన్యాయాన్ని మాత్రం సహించనంటుంది నతాల్యా. చిత్తూరు పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు గట్టు తగాదా గురించి కొత్తగా చెప్పాలా? రష్యా చరిత్ర నోట్సుతో సగం పీరియడ్ గడిపే అవసరమే లేదు.

ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టండి. పుస్తకం మూయించి, ‘మాది’, ‘కాదు, మాది’ అని మన యాసలోనే అనుకోమనండి. కాసేపటికి ఒకరి మాట పూర్తి కాకముందే ఇంకొకరు అందుకుంటారు. ఆ ఊపులో ఇంగ్లిష్ డైలాగు చేతికిస్తే, ఉచ్చారణ తడబడినా తగాదా మాత్రం తడబడదు. ఒక గ్లాసు నీళ్లు కూడా దగ్గర పెట్టండి. మొదట్లో అడగాల్సిన మాట నోటికి రాక లోమోవ్ నీళ్లు తాగుతానని చెప్పి తాగుతాడు. చివర్లో అతను మూర్ఛపోతే చుబుకోవ్ నోటి దగ్గర నీళ్లు పెట్టి తాగమంటాడు, తాగడు. చేతిలో గ్లాసు లేకుండా ఈ రెండు చోట్లలోని నవ్వు ఎలా తెలుస్తుంది?

మన ధర్మరాజు గుళ్ల దగ్గర మహాభారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం జరుగుతాయి. దుర్యోధనుడు చస్తాడని తెలియనివాళ్లెవరూ అక్కడ ఉండరు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. పద్యం ఎలా ఎత్తుకుంటాడో, అవతలివాడు ఏం జవాబిస్తాడో వినాలి వాళ్లకు. ఆ జనంలో కూర్చున్న పిల్లలకే మనం క్లాసులో కథాసారాంశం రాయించి చాలనుకుంటున్నాం.

నతాల్యా వేషం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆడపిల్లలను గొంతు తగ్గించి మాట్లాడమని ఇంటా బయటా చెబుతూనే ఉంటాం. ఇక్కడ ఇరవై అయిదేళ్ల అమ్మాయి భూమి లెక్కలు ఏకరువు పెడుతూ వెనక్కి తగ్గదు. ఆ పాత్రను క్లాసులో బాగా నెమ్మదస్తురాలని పేరున్న అమ్మాయికే ఇవ్వాలని నేనంటాను.

టైమ్ లేదంటారు. ఉన్నవి మూడే పాత్రలు, ఆట అరగంట పట్టదు. ముగ్గురేసి జట్లు కట్టి తలా ఒక ముక్క ఇస్తే రెండు పీరియడ్లలో అందరికీ వంతు వస్తుంది. పక్క క్లాసుకు డిస్టర్బెన్స్ అనుకుంటే గ్రౌండులో చెట్టు కిందికి తీసుకెళ్లండి. నీతి మాత్రం రాయించకండి, చెకోవ్ అది రాయలేదు. పెళ్లి కుదిరాక కూడా వాళ్లు ఎవరి కుక్క గొప్పదని కొట్లాడుకుంటూనే ఉంటారు, తండ్రి షాంపేన్ తెమ్మని అరుస్తూనే ఉంటాడు. ఇంత సందడి ఉన్న నాటికకు వార్షికోత్సవంలో రికార్డింగ్ డాన్సుల మధ్య ఒక అరగంట ఇవ్వమని హెడ్మాస్టర్లను, కరస్పాండెంట్లను అడుగుతున్నాను.