బాంక్వెట్ హాల్లో ఊరి ప్లాను

మొన్నటి మన ప్రవాస తెలుగు సంఘం మహాసభల్లో, సొంత ఊళ్లకి విరాళాలిచ్చే "మన ఊరు" కార్యక్రమం చూసినవాళ్లకి ఆ త్రీడీ వీడియో గుర్తుండే ఉంటుంది. ఊరి మొదట్లో స్వాగత తోరణం, చెరువు గట్టు మీద పార్కు, డిజిటల్ లైబ్రరీ, తాగునీటిని శుద్ధి చేసే ఆర్వో ప్లాంటు. చప్పట్లు మోగాయి, విరాళాలు ప్రకటించారు. తర్వాత వీడియో కాల్లో ఆ ఊరి సర్పంచ్ గారిని చూపించారు. ఆవిడ నోరు విప్పలేదు, మాట్లాడిందంతా పక్కన కూర్చున్న భర్తే. వెనక నుంచి ఒక పెద్దావిడ "ఆ మురుగు సంగతి కూడా చెప్పండయ్యా" అంటుండగానే మనవాళ్లు మ్యూట్ చేశారు. టైమ్ అయిపోయిందట. తర్వాత సినిమా పాటల మెడ్లీ ఉంది మరి.

ఇచ్చే చేతిని తప్పుపట్టాలని ఎవరికీ ఉండదు. కానీ ఆ ఊరికి ఏం కావాలో ఇక్కడ తేల్చేసి, అక్కడివాళ్ల చేత రిబ్బన్ మాత్రం కట్ చేయించడం ఏం పద్ధతి? 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకి గుర్తింపు ఇచ్చింది. 2015 నుంచి ప్రతి పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక, అంటే జీపీడీపీ, తయారు చేసుకోవాలి. అది ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్లో అందరికీ కనిపిస్తుంది. ఏ పని ఒప్పుకున్నారో, ఎంత ఖర్చు పెట్టారో డాలస్‌లో కూర్చుని చూసుకోవచ్చు. 2021-26కి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ మాత్రమే వాడాల్సిందే. ఆ వివరం చూడకుండా మనం మళ్లీ నీళ్ల ప్లాంటే కడితే, ఉన్నదాని మీద ఇంకోటి వేసినట్టు.

గ్రామసభల గొప్పతనం మనకి తెలియనిదేం కాదు. రిజిస్టరు ఇల్లిల్లూ తిప్పి వేలిముద్రలు వేయించుకునే సభలున్నాయి. రెండు వర్గాలు రెండు పక్కల కూర్చుంటే ఎస్సీ కాలనీ వాళ్లు చివర్న నిలబడే సభలూ ఉన్నాయి. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. అన్నిచోట్లా అందరూ మాట్లాడారని అనుకోనక్కర్లేదు. అయినా ఆ రచ్చబండ దగ్గర తిట్టుకుంటూనైనా ఎదురుపడి మాట్లాడుకుంటారు. మన కార్యవర్గ సమావేశాల్లో అదీ ఉండదు.

సభ సరిగ్గా జరగాలంటే అసలు పని దానికి ముందే జరగాలి. వాడవాడకీ విడిగా, పాతిక ముప్ఫై మందికి మించకుండా, రెండు గంటల సమావేశాలు. కాలనీలో ఒకటి, శివారు పల్లెలో ఒకటి, డ్వాక్రా మహిళలతో విడిగా ఒకటి. నాట్లు, మిర్చి కోతలు సాగే రోజుల్లో పొద్దున పదకొండింటికి పెడితే వచ్చేది తీరిక ఉన్న మగవాళ్లే. గుడి ముందు కాకుండా బడి ఆవరణలో పెట్టాలి. గుడి ముందైతే ఎవరు రారో ఊరందరికీ తెలుసు.

ఆ సమావేశాల్లో నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేయిస్తారు. వీధులకి ముగ్గు, ఇళ్లకి రాళ్లు, కుళాయిలకి నీలం సుద్ద, ఒంటరి ముసలివాళ్లున్న ఇళ్ల మీద చింతగింజ. ముగ్గు గిన్నె ఎవరి చేతిలో ఉందన్నదే ఇక్కడ కీలకం. పెద్దమనిషి చేతిలో ఉంటే పటం ఆయన ఇంటి చుట్టూ విస్తరిస్తుంది, కాలనీ ఒక మూలకి ముడుచుకుపోతుంది. అందుకే మొదటి గీత కాలనీ నుంచే మొదలుపెట్టించాలి. చెరిపే ముందు ఫొటో తీసి, బడి పిల్లల చేత చార్టు మీదికి ఎక్కించి, పంచాయతీ ఆఫీసు గోడకి వారం రోజులు అంటించాలి. తప్పులుంటే జనమే వచ్చి దిద్దుతారు.

తర్వాత నడక. కాలువ చివరి పొలం నుంచి శ్మశానం దాకా, వీలైతే వానలు పడే రోజుల్లో, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారినీ, ఊరికి నీళ్లు వదిలే వాటర్‌మన్‌నీ వెంటబెట్టుకుని. ఏ వాల్వు రోడ్డు కింద పూడిపోయిందో ఎస్టిమేట్ వేసే ఇంజనీరుకి తెలియకపోవచ్చు, వాటర్‌మన్‌కి తెలుస్తుంది.

ఏది ముందు అన్నది తేల్చడానికి మనిషికి పది చింతగింజలిస్తారు. పనికొక డబ్బా. డబ్బాలకి మూత లేకపోతే అందరి గింజలూ మోతుబరి వేసిన డబ్బాలోకే పోతాయి, కాబట్టి మూతకి చిల్లు పెట్టి వాడాలి. ఆడవాళ్ల లెక్క, మగవాళ్ల లెక్క విడివిడిగా రాయాలి. మగవాళ్లు తరచుగా సీసీ రోడ్డూ కమ్యూనిటీ హాలూ అంటారు. ఆడవాళ్లు మురుగు కాలువ, వీధి దీపం, నీళ్లు అంటారు. రెండూ కలిపేస్తే ఆ తేడా మాయమైపోతుంది. తీర్మానం రాశాక పైకి చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకాలు తీసుకోవాలి.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లు ఆర్వో ప్లాంటు లెక్క చూడండి. గంటకి వెయ్యి లీటర్ల ప్లాంటు ఎనిమిది గంటలు నడిస్తే ఇరవై లీటర్ల క్యాన్లు 400 వస్తాయి. రోజుకి 150 అమ్ముడుపోయి, క్యానుకి ఐదు రూపాయలు వస్తే నెలకి 22,500. అందులోంచే ఆపరేటరు జీతం, కరెంటు బిల్లు, ఫిల్టర్లు, రెండు మూడేళ్లకోసారి మెంబ్రేన్లు, అంటే నీటిని శుద్ధి చేసే పొరలు. క్యాన్లు తగ్గితే ముందు ఎగ్గొట్టేది మెంబ్రేన్ మార్పు, ఆ తర్వాత పడేది తాళం. శుద్ధి అయిన నీళ్లకి దాదాపు సమానంగా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువగా, ఉప్పునీరు బయటికి వస్తుంది. అది ఎటు పోవాలో త్రీడీ వీడియోలో ఉండదు. ఊళ్లో మాత్రం పల్లంలో ఉన్న వాడకే పోతుంది. ఆ పెద్దావిడ చెప్పబోయిన మురుగుకి ఇదీ తోడవుతుంది. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన ఊళ్లో ప్లాంటు వద్దని కాదు. నీటి పరీక్షా, నడిపే మనుషులూ, ఉప్పునీటికి దారీ ముందు చూసుకోవాలి.

ఇది అయ్యే పనేనా అంటే, వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లి ఉంది. తాగునీటికీ పారిశుధ్యానికీ చివరికి కేబుల్ టీవీకీ కమిటీలు వేసుకున్న ఊరు. అక్కడి నీటి పనిలో తోడు నిలిచిన బాల వికాస సంస్థ వెనక కెనడాలో స్థిరపడిన తెలుగావిడ బాలా థెరెసా జింగ్రాస్, ఆవిడ భర్త ఆండ్రే ఉన్నారు. ఊరు తన వాటా వేసుకుని, కమిటీ కట్టుకున్నాకే పని అన్నది వాళ్ల పద్ధతి. ప్రవాస డబ్బు ఊరి మాట వినగలదనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

కార్యవర్గానికి మా మనవి ఇదీ. మన జేబులు తెరుచుకునేది జులై సభల్లో, ఊరికి వెళ్లేది సంక్రాంతికి. మధ్యలో అక్టోబరు 2తో ప్రణాళిక సభలు మొదలై, మనం దిగేసరికి చాలాచోట్ల ముగిసిపోతాయి. కాబట్టి విరాళం ప్రకటన జులైలో వద్దు, సంక్రాంతి తర్వాత పెట్టుకుందాం. దరఖాస్తుతో పాటు గ్రామసభ తీర్మానం నకలు, ముగ్గు పటం ఫొటో, ఆడవాళ్ల గింజల లెక్క, నిర్వహణ చూసే ముగ్గురి పేర్లు అడుగుదాం. ఆ ముగ్గురిలో ఒకరు కాలనీ నుంచి ఉండాలి. మంజూరు చేసిన దాంట్లో పదో వంతు మొదటి రెండేళ్ల మరమ్మతులకి పక్కన పెడదాం. సంఘం డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది కాబట్టి ఊళ్లో అప్పటికప్పుడు కట్టిన కమిటీ ఖాతాలో వేయకూడదు. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థ ద్వారానే వెళ్లాలి. ఆ చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని మరో సంస్థకి బదిలీ చేయడానికీ వీల్లేదు. పని తానే చేయించాలి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ఊరికి విరాళమిచ్చిన దాతకి పంచాయతీలో కోఆప్షన్ సభ్యుడిగా, అంటే జనం ఓట్లతో కాకుండా చేర్చుకున్న సభ్యుడిగా, కూర్చునే వీలిచ్చింది, ఓటు మాత్రం ఇవ్వలేదు. మనకీ ఆ కుర్చీ చాలు.

వచ్చే సభల్లో ఆ ఊరికి మళ్లీ వీడియో కాల్ చేస్తారట. మెడ్లీలో ఒక పాట తగ్గించి, ఆ టైమ్ సర్పంచ్ గారికీ ఆ పెద్దావిడకీ ఇవ్వండి.