మూలధనం లెక్క సరే, నష్టం లెక్కేది?

‘ముందు మీరు మొదలుపెట్టండి, తర్వాత చూద్దాం’ అని దేశాలు ఒకదానితో ఒకటి అంటున్నాయి. బ్యాంకుల నియంత్రణలో అంతర్జాతీయ సహకారం ఇప్పుడు ఈ స్థాయికి దిగింది. నష్టాలను తట్టుకోవడానికి బ్యాంకులు ఎంత సొంత డబ్బు (మూలధనం) ఉంచుకోవాలో చెప్పే అంతర్జాతీయ నిబంధనలే బాసెల్-3. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం కేంద్రంగా పనిచేసే బాసెల్ కమిటీ వీటిని రాసింది. వీటి చివరి విడతను అమెరికా ఎప్పుడు, ఏ రూపంలో తెస్తుందో తేలకపోవడంతో బ్రిటన్ తన అమలును 2027 జనవరికి జరిపింది. ఐరోపా సమాఖ్య 2025 జనవరిలో చాలావరకు మొదలుపెట్టినా ట్రేడింగ్ నష్టాలకు సంబంధించిన భాగాన్ని వాయిదా వేసింది. మా బ్యాంకులొక్కటే పోటీలో ఎందుకు వెనకబడాలన్నది అందరి వాదన.

ఈ వాయిదాల మీద నిపుణులు గగ్గోలు పెడుతున్నారు. నాకు మాత్రం అంత టెన్షన్ లేదు. ఆ నిబంధనలు రేపే అమల్లోకి వచ్చినా అసలు చిక్కు చిక్కులాగే ఉంటుంది. 2008 సంక్షోభం తర్వాత జీ20 సమావేశాలు, ఆర్థిక వ్యవస్థల స్థిరత్వాన్ని గమనించే ఫైనాన్షియల్ స్టెబిలిటీ బోర్డు, బాసెల్-3, కూలితే ప్రపంచమంతా దెబ్బతినే పెద్ద బ్యాంకుల జాబితా... ఈ కథంతా తెలిసిందే. ఇన్నేళ్లూ దేశాలు కూర్చుని తేల్చుకున్నది బ్యాంకు బతికున్నప్పుడు ఎంత మూలధనం ఉండాలన్న లెక్క. అది సరిహద్దులు దాటి కూలితే నష్టం ఏ దేశం ఎంత మోయాలన్న లెక్క జోలికి గట్టిగా ఎవరూ పోలేదు.

ఎందుకు పోలేదో ఐస్‌లాండ్‌ను చూస్తే అర్థమవుతుంది. ల్యాండ్స్‌బాంకి అనే అక్కడి బ్యాంకు ‘ఐస్‌సేవ్’ పేరుతో బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో ఆన్‌లైన్ డిపాజిట్లు సేకరించింది. వడ్డీ బాగుందని జనం ఎగబడ్డారు. ఆ రెండు దేశాల్లోని డిపాజిటర్ల సంఖ్య ఐస్‌లాండ్ జనాభాను మించిపోయింది. 2008 అక్టోబరులో బ్యాంకు కూలగానే బ్రిటన్ ఏం చేసిందో గుర్తుందా? ఉగ్రవాద వ్యతిరేక చట్టంలోని అధికారాలను ప్రయోగించి బ్యాంకు ఆస్తులను స్తంభింపజేసింది. బ్రిటన్ ఆర్థిక శాఖ ఆంక్షల జాబితాలో అల్‌ఖైదా సరసన ఒక మిత్రదేశపు బ్యాంకు పేరు కనిపించింది. ఆ తర్వాత బ్రిటన్, డచ్ ప్రభుత్వాలు తమ డిపాజిటర్లకు డబ్బు చెల్లించి, బిల్లు ఐస్‌లాండ్‌కు పంపాయి. అక్కడి ప్రజలు 2010లో ఒకసారి, 2011లో మరోసారి రెఫరెండంలో ‘కట్టం’ అన్నారు. 2013లో ఐస్‌లాండ్, నార్వే వంటి దేశాల ఉమ్మడి కోర్టు అయిన ఎఫ్టా కోర్టు కూడా ఐస్‌లాండ్ పక్షానే తీర్పు చెప్పింది. డబ్బు పోయిందనేసరికి స్నేహాలు, ఒప్పందాలు ఎంతసేపు నిలిచాయో చూడండి.

అది పాత కథ, ఇప్పుడు ప్రతి పెద్ద బ్యాంకుకూ కూలితే ఏం చేయాలో ముందుగానే రాసిపెట్టుకున్న పరిష్కార ప్రణాళిక ఉంది కదా అంటారు. ఆ ప్రణాళికకు నిజమైన పరీక్ష 2023 మార్చిలో ఎదురైంది. స్విట్జర్లాండ్‌లోని పెద్ద బ్యాంకు క్రెడిట్ స్విస్ కూలే స్థితికి వచ్చింది. నష్టభయాన్ని బట్టి లెక్కగట్టిన ఆస్తుల్లో దాని నాణ్యమైన మూలధనం 14.1 శాతం ఉంది. నగదు నిల్వల నిష్పత్తి కనీసం 100 ఉండాల్సిన చోట 2022 చివరినాటికి 144 ఉంది. కాగితం మీద ఫస్ట్ క్లాసులో పాసైన బ్యాంకు. దానికి ప్రణాళిక కూడా సిద్ధంగా ఉంది. తీరా ఒక ఆదివారం స్విస్ ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టి, అత్యవసర ఆర్డినెన్సుతో వాటాదారుల ఓటు హక్కును తప్పించి, బ్యాంకును 300 కోట్ల ఫ్రాంకులకు అక్కడి మరో పెద్ద బ్యాంకు యూబీఎస్ చేతిలో పెట్టింది. దెబ్బ తగిలితే ముందు నష్టపోవాల్సింది వాటాదారులు. వారికి ఆ 300 కోట్లు దక్కాయి. సుమారు 1,600 కోట్ల ఫ్రాంకుల ఏటీ-1 బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయగల అప్పు పత్రాలు) కొన్నవారికి మిగిలింది సున్నా. ఆ రద్దు చట్టవిరుద్ధమని 2025 అక్టోబరులో స్విస్ కోర్టు ఒకటి తేల్చింది కూడా. ప్రణాళికను అక్షరాలా పాటిస్తే అంతర్జాతీయ సంక్షోభమే వచ్చి ఉండేదని ఆర్థిక మంత్రి కారిన్ కెల్లర్-సుటర్ తర్వాత చెప్పారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? బాసెల్ నగరం ఉన్న దేశమే, అందరూ కలిసి రాసుకున్న పద్ధతిని అవసరం పడిన మొదటి రోజే నమ్మలేదు.

నిబంధనల వల్ల మేలే జరగలేదా అంటే, జరిగింది. 2008 నాటి కంటే బ్యాంకుల మూలధనం పెరిగింది, 2020లో కొవిడ్ దెబ్బకు పెద్ద బ్యాంకులేవీ కూలలేదు. కాకపోతే అప్పుడు కేంద్ర బ్యాంకులు కరెన్సీ కుమ్మరించాయి, ప్రభుత్వాలు రుణాలకు గ్యారంటీ ఇచ్చాయి. ఇందులో మూలధనం గొప్ప ఎంతో, ఖజానా గొప్ప ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

నిబంధనలు పాటించకపోతే ఏమవుతుందో కూడా చూశాం. ఏమీ కాదు. 2014లో బాసెల్ కమిటీయే ఐరోపా సమాఖ్య నిబంధనలు తన ప్రమాణాలకు గణనీయంగా దూరంగా ఉన్నాయని తేల్చింది. ఆకాశం ఊడిపడలేదు. 2018లో అమెరికా, బ్యాంకులపై కఠిన పర్యవేక్షణ మొదలయ్యే ఆస్తుల పరిమితిని 5,000 కోట్ల డాలర్ల నుంచి 25,000 కోట్లకు పెంచింది. సుమారు 20,900 కోట్ల డాలర్ల ఆస్తులున్న సిలికాన్ వ్యాలీ బ్యాంకు హాయిగా ఆ గీత కింద ఉండిపోయింది. 2023 మార్చి 9న ఒక్కరోజే జనం అందులోంచి 4,200 కోట్ల డాలర్లు లాగేశారు. బ్యాంకు కూలింది. డిపాజిట్ బీమా పరిమితి రెండున్నర లక్షల డాలర్లే అయినా చివరికి డిపాజిట్లన్నింటికీ ప్రభుత్వమే పూచీ పడింది.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది మరొకటి ఉంది. ఆ పూచీ ఎవరి తరఫున? బాసెల్ కమిటీ నిర్ణయాలకు దానంతట దానికి చట్టబలం లేదు. అక్కడ కూర్చునేది కేంద్ర బ్యాంకుల అధికారులు, పర్యవేక్షకులు. పెద్ద బ్యాంకుల కోసం ఏర్పాటు చేసిన సంక్షోభ నిర్వహణ బృందాలు తలుపులు మూసుకునే మాట్లాడుకుంటాయి. ఏదైనా తేడా వస్తే మాత్రం ఆదివారం రాత్రి ఆర్డినెన్సు, సోమవారం బిల్లు. అత్త సొమ్ము అల్లుడి దానం లాగా ప్రజల డబ్బును ప్రజలు ఎన్నుకోని వారు హామీగా రాసేస్తున్నారు. పార్లమెంటుకు చర్చించే అవకాశం వచ్చేసరికి డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది. ఒక్క బ్యాంకులనే కాదు, వాణిజ్యం నుంచి పన్నుల దాకా ఈ కాలపు అంతర్జాతీయ ఒప్పందాలు చాలావరకు ఇదే తోవలో నడుస్తున్నాయి. సంతకం కొందరిది, చెల్లింపు అందరిది. ఐస్‌లాండ్ ప్రజలు రెండుసార్లు ‘కాదు’ అన్నారంటే వారికి కనీసం అడిగే నాథుడు దొరికాడు కనుక.

అందుకే మూలధనం శాతాల మీద మరో పదేళ్లు బేరాలాడే బదులు, కూలినప్పుడు ఏ దేశం ఎంత భరించాలో ఒప్పందం రాసుకోవాలి. జాబితాలో ఉన్న సుమారు 30 పెద్ద బ్యాంకులకు విడివిడిగా, శాతాలతో సహా, సంబంధిత దేశాల చట్టసభల్లో బహిరంగంగా చర్చించి ఆమోదించాలి. ఏ దేశమూ ఒప్పుకోదంటారా? ఒప్పుకోని దేశంలో ఆ బ్యాంకు ఎంత వ్యాపారం చేయవచ్చో అక్కడితో తేలిపోతుంది, అదీ మంచిదే. మొదట యూబీఎస్‌తో మొదలుపెట్టవచ్చు. దాని ఆస్తి అప్పుల పద్దు స్విట్జర్లాండ్ జీడీపీకి దాదాపు రెట్టింపు. విదేశీ అనుబంధ సంస్థల కోసం అదనంగా 2,600 కోట్ల డాలర్ల దాకా మూలధనం పెట్టాలని 2025 జూన్‌లో స్విస్ ప్రభుత్వం ప్రతిపాదిస్తే, పోటీలో దెబ్బతింటామని బ్యాంకు వ్యతిరేకించింది. ఆ అనుబంధ సంస్థల్లో ముఖ్యమైనవి ఉన్న అమెరికా వంటి దేశాలు, రేపు తేడా వస్తే తమ వాటా ఎంతో ఇప్పుడే చెప్పాలి.